స్టాక్‌హోమ్‌లో చిన్న ఫ్రెంచ్ బిస్ట్రోకి అమ్మానాన్నల్ని తీసుకెళ్తున్నారా? సగం పని బుకింగ్ దగ్గరే అయిపోవాలి

మీ ప్రశ్న మొత్తం చదివాను. మీరు స్టాక్‌హోమ్‌లోని కిస్టాలో ఉంటున్నారు, విజయవాడ నుంచి అమ్మగారు నాన్నగారు జూన్ రెండోవారంలో దిగుతున్నారు, ఆగస్టు చివరిదాకా ఉంటారు. ఒక సాయంత్రం వాసాస్టాన్ వైపు చిన్న ఫ్రెంచ్ బిస్ట్రో ఏదైనా చూపించాలని మీ కోరిక. అమ్మగారు గుడ్డు వరకు తింటారు, మాంసం చేప ముట్టరు. నాన్నగారు చికెన్, చేప, రొయ్య తింటారు, బీఫ్ పోర్క్ మాత్రం వద్దు. ఆన్‌లైన్‌లో మెనూలు చూస్తే అన్నీ బీఫ్ లాగే కనిపించాయి, వెళ్లి ఇబ్బంది పడటం కంటే మానేయడం మంచిదా అని అడిగారు. మానేయకండి, తప్పకుండా తీసుకెళ్లండి. కాకపోతే టేబుల్ దగ్గర కూర్చున్నాక చెప్పుకుందాంలే అనుకుంటే మాత్రం ఆ సాయంత్రం అమ్మగారికి ఆకులు, బ్రెడ్డే మిగుల్తాయి. చెప్పాల్సిందంతా బుక్ చేసేటప్పుడే చెప్పేయాలి, ఎందుకో వివరంగా రాస్తా.

నేను ఇక్కడ మాస్టర్స్ చేసేటప్పుడు అలాంటి ఒక బిస్ట్రోలోనే గిన్నెలు కడగడంతో మొదలుపెట్టి, తర్వాత కూరగాయలు తరగడం, ఆ తర్వాత బయట టేబుళ్ల దగ్గర సర్వీస్ దాకా పని చేశాను. ఇప్పుడు వేరే ఉద్యోగం, కానీ తినడానికి ఇప్పటికీ అలాంటి చోట్లకే వెళ్తా. ఇండియా నుంచి ఎవరొచ్చినా వాళ్లనీ అక్కడికే తీసుకెళ్తా. అందుకే కిచెన్ లోపలివైపు నుంచి చెప్తున్నాను.

ముందు ఈ బిస్ట్రో అనేదాని లెక్క తెలియాలి. పాతిక ముప్పై టేబుళ్లు కూడా ఉండవు, ఒక్కోచోట పదిహేనే. కిచెన్‌లో రాత్రికి ఇద్దరు ముగ్గురు వంటవాళ్లు, గిన్నెల దగ్గర ఒకరు, బయట ఇద్దరు, అంతే. మెనూ ఒక పేజీ: నాలుగైదు స్టార్టర్లు, ఐదారు మెయిన్‌లు, మూడు నాలుగు డెజర్ట్‌లు, గోడ మీద నల్లబోర్డు మీద ఆరోజు స్పెషల్ ఒకటో రెండో. మన దగ్గర ఫ్యామిలీ రెస్టారెంట్‌లో రెండొందల ఐటమ్‌ల మెనూ చూసిన కళ్లకి ఇది మరీ తక్కువ అనిపిస్తుంది గానీ దాని బలమంతా అందులోనే ఉంది. ఆ ఆరు వంటకాలూ వాళ్లు రోజూ చేస్తారు, మధ్యాహ్నం నుంచే ఒక్కోదానికి కావాల్సిన సాస్, కూర, మాంసం విడివిడిగా సిద్ధం చేసి పెట్టుకుంటారు, సాయంత్రం ఆర్డర్ రాగానే వాటిని కలిపి, వేడిచేసి, ప్లేట్‌లో పెడతారు. అంటే రాత్రి ఏడుంపావుకి హాలంతా నిండి ఉన్నప్పుడు మీరు వెయిటర్‌తో “అమ్మకి ఏదైనా వెజ్ చేయగలరా” అంటే, పాపం వాళ్లు కాదనరు, కానీ అక్కడ సిద్ధంగా ఉన్న ముక్కల్లోంచి మాంసం తీసేసి మిగిలింది పెట్టడం తప్ప ఇంకేం చేయగలరు? అదే మాట రెండ్రోజుల ముందు బుకింగ్‌లో రాసి ఉంటే మధ్యాహ్నం మూడింటికి చెఫ్ ఆరోజు లిస్ట్ చూసుకునేటప్పుడే కంట పడుతుంది. ఒక పుట్టగొడుగుల వంటకమో, మంచి గ్రాటాఁనో (పైన ఎర్రబడేదాకా ఓవెన్‌లో కాల్చే వంటకం) అనుకుని చేసి పెడతారు. నేను పని చేసిన చోట అలా ముందే రాసినవాళ్లకి చెఫ్ చేసిన వెజ్ ప్లేట్ చూసి పక్క టేబుల్ వాళ్లు అది మెనూలో ఎక్కడుందని అడిగిన సందర్భాలున్నాయి.

బుకింగ్ చాలావరకు వెబ్‌సైట్‌లోనే, చివర్లో మెసేజ్ రాసే గడి ఒకటి ఉంటుంది. ఇంగ్లీష్‌లో రాయండి, చాలు, స్వీడిష్ అక్కర్లేదు. “వెజిటేరియన్” అని ఒక్క ముక్క రాసి వదలకండి. ఒకరు మాంసం, చేప తినరు, గుడ్డు పాలు పర్వాలేదు, మాంసం స్టాక్‌తో చేసిన సూప్ సాస్ కూడా వద్దు. ఇంకొకరు బీఫ్ పోర్క్ తినరు, వాటి స్టాక్ కూడా వద్దు, చికెన్ చేప రొయ్యలు తింటారు. ఇలా విడమర్చి రాయండి. ఆ స్టాక్ మాటే అసలు కీలకం.

ఎందుకంటే ఫ్రెంచ్ వంటకి ప్రాణం స్టాక్. దూడ ఎముకలు ఓవెన్‌లో ఎర్రగా కాల్చి, ఉల్లి క్యారెట్ వేసి రాత్రంతా సన్నసెగ మీద మరిగించి, వడకట్టి, మళ్లీ చిక్కబడేదాకా మరిగిస్తారు. చివరికి జెల్లీలాగా ముదురు గోధుమరంగులో గట్టిపడుతుంది. దీన్ని ఇక్కడ కల్వ్‌ఫోండ్ అంటారు. అందులోంచి ఒక చెంచా దేంట్లో పడితే దానికి ఆ రుచి వస్తుంది. కాబట్టి మెనూలో చికెన్ అని రాసి ఉన్నా, బాతు అని రాసి ఉన్నా, దానిమీద పోసే గోధుమరంగు సాస్‌లో దూడ స్టాక్ ఉండే అవకాశం బాగా ఎక్కువ. ఉల్లిపాయ సూప్ పేరుకి ఉల్లిపాయే, కానీ సంప్రదాయంగా చేసేది బీఫ్ స్టాక్‌తోనే. మనవాళ్లు ఎక్కువమంది తెలియక తినేది ఇదే. నేను వాడే లెక్క ఒకటి చెప్తా: సాస్ గోధుమరంగులోనో ముదురు ఎరుపులోనో ఉంటే అందులో ఎముకల స్టాక్ ఉందనే అనుకుని అడగాలి, పసుపు తెలుపు రంగుల్లో ఉంటే ఎక్కువగా వెన్న, క్రీమ్, గుడ్డు, వైన్ బాపతు. అక్కడా చికెన్ స్టాకో చేప స్టాకో ఉండొచ్చు కాబట్టి అమ్మగారి విషయంలో అది కూడా అడగాలి, కానీ నాన్నగారికి ఆ రంగు సాస్‌లు చాలావరకు సమస్య కాదు.

పోర్క్ దాక్కునే చోట్లు వేరే ఉన్నాయి. కోక్ ఓ వాఁ అంటే రెడ్ వైన్‌లో ఉడికించిన కోడి, అందులో పోర్క్ ముక్కలు సన్నగా తరిగి వేస్తారు. బాతుతో పాటు పెట్టే పప్పు, అదే చిన్న ముదురు ఆకుపచ్చ ఫ్రెంచ్ మసూర్ లాంటిది, దాంట్లోనూ చాలాచోట్ల బేకన్ ఉంటుంది. సీజర్ సలాడ్ డ్రెస్సింగ్‌లో ఆంకోవీ చేప. ఫ్రైస్ కొన్నిచోట్ల బీఫ్ కొవ్వులో వేయిస్తారు, రుచి కోసం, ఆ సంగతి మెనూలో గొప్పగా రాసుకునేవాళ్లూ ఉన్నారు, రాయనివాళ్లూ ఉన్నారు, అడిగితే దాచరు. చీజ్ విషయంలో అమ్మగారు ఎంత పట్టింపుగా ఉంటారో మీకే తెలియాలి, పార్మెజాన్, కోంతే లాంటివి దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్‌తోనే, అంటే పాలు విరగ్గొట్టే పదార్థంతోనే చేయాలని వాటి నియమాల్లోనే ఉంది. ఇవన్నీ అడగడానికి మొహమాటపడొద్దు. యూరోపియన్ యూనియన్ రూల్ ప్రకారం 14 రకాల అలెర్జీ పదార్థాల గురించి అడిగితే చెప్పి తీరాలి. ఆ అలవాటు వల్ల ఇక్కడి స్టాఫ్‌కి ఏ వంటకంలో ఏముందో నోటికొచ్చి ఉంటుంది, తెలియకపోతే లోపలికి వెళ్లి కనుక్కుని వస్తారు. బీఫ్, పోర్క్ ఆ 14 లిస్ట్‌లో లేవు కాబట్టి వాటిని మీరే పేరు పెట్టి అడగాలి.

ఇక నాన్నగారు హాయిగా తినగలిగేవి. టోస్ట్ స్కాగెన్ తప్పకుండా తినిపించండి. వెన్నలో వేయించిన బ్రెడ్ మీద చిన్న రొయ్యలు మయోనైజ్‌లో కలిపి, డిల్ ఆకు, అంటే మన సోయకూర, పైన చేపగుడ్లు, పక్కన నిమ్మచెక్క. ఫ్రెంచ్ బిస్ట్రోలో స్వీడిష్ వంటకమేంటి అని మీకు అనుమానం రావచ్చు, స్టాక్‌హోమ్ బిస్ట్రోల కథే అది. ఇక్కడ ఫ్రెంచ్ పద్ధతి నిన్నామొన్న వచ్చింది కాదు. 1893లో తెరిచిన రిష్ అనే రెస్టారెంట్‌కి పారిస్‌లోని కఫే రిష్ ఆదర్శం, అదింకా నడుస్తోంది. ఫ్రెంచ్ వంట నేర్చుకున్న టూరె వ్రెట్‌మన్ అనే ఆయన 1945లో ఆ రిష్‌ని తీసుకున్నాడు. 1950ల్లో ఈ టోస్ట్ స్కాగెన్‌ని తయారుచేసిందీ ఆయనే. ఇంటి వంటని ఫ్రెంచ్ శ్రద్ధతో వండొచ్చని ఈ దేశానికి చూపించినవాళ్లలో ఆయన ముఖ్యుడు. అందుకే ఇప్పటికీ ఏ వీధి బిస్ట్రోకి వెళ్లినా ఒకపక్క మూల్ ఫ్రిత్ (మస్సెల్స్, ఫ్రైస్), ఇంకోపక్క టోస్ట్ స్కాగెన్ ఒకే పేజీలో ఉంటాయి. పైన వేసే చేపగుడ్లు కాలిక్స్‌వి అని రాసి ఉంటే ధర ఒక్కసారిగా పైకి పోతుంది. బోత్నియా సింధుశాఖ ఉత్తరపు కొసన దొరికే చిన్న చేప గుడ్లు అవి, ఆ పేరుకి 2010 నుంచి యూరప్‌లో రక్షణ కూడా ఉంది. ఒక్కసారికి తినాల్సిందే అంటాను నేను.

నాన్నగారికి చరిత్ర అంటే ఇష్టమైతే ఇంకోటి చెప్పండి. ఇప్పటి స్వీడన్ రాజవంశానికి మూలపురుషుడు ఫ్రెంచ్ సైనికాధికారి బెర్నడాట్, 1810లో ఇక్కడ యువరాజుగా ఎన్నికై 1818లో రాజయ్యాడు. ఆయన పుట్టింది ఫ్రాన్స్‌లో పో అనే ఊళ్లో, అది బేయార్న్ ప్రాంతంలో ఉంది. బేయార్నేజ్ సాస్ ఆయన తెచ్చింది కాదు, అది తర్వాత పారిస్ పక్కన పుట్టింది, కానీ ఈ దేశంలో జనానికి ఆ సాస్ మీదున్న ఇష్టం మాత్రం చూడాల్సిందే, పిజ్జా మీద కూడా పోసుకుంటారు. వెన్న, గుడ్డు పచ్చసొన, వెనిగర్, టారగాన్ ఆకు, దాంట్లో ముఖ్యంగా ఉండేవి ఇవే, స్టాక్ ఉండదు. ఇది అమ్మగారికి కూడా పనికొస్తుంది. మామూలుగా స్టీక్‌కి తోడు వచ్చే ఈ సాస్‌ని ఒక చిన్న గిన్నెలో విడిగా అడిగి ఫ్రైస్‌తో తినొచ్చు, కొవ్వు సంగతి కనుక్కున్నాకే.

మెయిన్‌కి చేప పెట్టుకోవడం నాన్నగారికి అన్నిటికన్నా నిశ్చింత. కాడ్ చేప, ఇక్కడ తొర్ష్క్ అంటారు, గోధుమరంగు వచ్చేదాకా కాచిన వెన్నతో, ఆలుగడ్డలతో, పైన తురిమిన హార్స్‌రాడిష్‌తో వస్తుంది. ఆ హార్స్‌రాడిష్ ముక్కుకి ఎక్కే ఘాటు, మనవాళ్లకి నచ్చుతుంది. అయితే ఇక్కడ చేపని లోపల కాస్త పారదర్శకంగా ఉండగానే దించేస్తారు, మన పులుసు చేప తిన్న నోటికి పచ్చిగా ఉందనిపిస్తుంది. ఆర్డర్ ఇచ్చేటప్పుడే బాగా ఉడకాలి అని చెప్పండి, ఏమీ అనుకోరు. కుంకుమపువ్వు వేసిన చేపల సూప్ ఉంటే అది ఇంకా మంచి ఎంపిక. టమాటా, సోంపు వాసన, వెల్లుల్లి మయోనైజ్ వేసుకుని బ్రెడ్ ముంచుకు తింటారు, పులుసు అలవాటున్న మనకి మొత్తం మెనూలో దగ్గరగా అనిపించేది అదే. మస్సెల్స్, మన కోస్తాలో ఆలిచిప్పలంటారే ఆ జాతివి, తెల్ల వైన్‌లో వండి పెద్ద గిన్నెతో తెస్తారు. వండినా వైన్ పూర్తిగా పోదు, కొంత మిగిలే ఉంటుంది, మందు అస్సలు ముట్టని మనిషైతే ఈ సంగతి ముందే చెప్పాలి. బాతు కోఁఫీ అంటే బాతు కాలుని దాని కొవ్వులోనే గంటలకొద్దీ మగ్గించి పైన చర్మం కరకరలాడేలా కాల్చడం, బాతు తింటారంటే బ్రహ్మాండం, సాస్, పప్పు మాత్రం పైన చెప్పినట్టు కనుక్కోండి.

అమ్మగారి ప్లేట్ గురించి ఇంకొంచెం. జూన్‌లో అయితే స్వీడిష్ ఆస్పరాగస్ సీజన్ నడుస్తుంటుంది, వెన్నతోనో, వెన్న గుడ్డు పచ్చసొనతో చేసే ఓలాండేజ్ సాస్‌తోనో ఇస్తారు. ఆగస్టు అయితే కాంతరెల్ పుట్టగొడుగులు, అడవిలో దొరికే పసుపు రంగువి, వెన్నలో వేయించి బ్రెడ్ మీద పెట్టిస్తారు, కాంతరెల్ టోస్ట్ అని. ఇక్కడి జనం దానికోసం ఏడాదంతా ఎదురుచూస్తారు, నేను కూడా. ఇంకా లీక్ వినగ్రెట్, అంటే లావుపాటి ఉల్లికాడ లాంటి కూర నూనె వెనిగర్ డ్రెస్సింగ్‌లో, పైన గుడ్డు తురుముతో, బీట్‌రూట్ మేకపాల చీజ్ సలాడ్, క్రీమ్‌తో చేసిన ఆలుగడ్డ గ్రాటాఁ ఇవన్నీ దొరుకుతాయి. రెండు స్టార్టర్లు, ఒక గ్రాటాఁ కలిపి ఆమెకి భోజనంగా పెట్టమనొచ్చు, ఒక మెయిన్ తీసుకోవాలనే రూల్ ఏమీ లేదు. ప్లేట్లు పంచుకోవడానికి ఖాళీ ప్లేట్ అడిగితే ఇస్తారు.

కారం గురించి ముందే మాట్లాడుకోవాలి. చప్పగా ఉంటుంది, అది నిజం. కొంతమంది జేబులో పచ్చడి ప్యాకెట్ పెట్టుకుని వెళ్తారు, నేనైతే వద్దంటాను, ఆ వంటంతా వెన్న, పులుపు, ఉప్పు మధ్య తూకం మీద నిలబడింది, దాని మీద గోంగూర వేస్తే రెండూ పాడవుతాయి. దానికి బదులు డిజాన్ ఆవాల ముద్ద అడగండి, ఏ బిస్ట్రోలో అయినా ఉంటుంది, డబ్బులు తీసుకోరు. ఆవకాయలో ఆవపిండి ఘాటు అలవాటైన మనిషికి అది వెంటనే సొంత రుచిలా పట్టుకుంటుంది, ఫ్రైస్‌కీ చేపకీ బాతుకీ అన్నిటికీ నప్పుతుంది. మిరియాల మర కూడా అడిగి టేబుల్ మీద పెట్టించుకోండి.

ఇప్పుడు డేట్ గురించి, మీ విషయంలో ఇదే చాలా ముఖ్యం. జూలైలో స్వీడన్ మొత్తం సెలవుల్లో ఉంటుంది. టూరిస్టులు తిరిగే పాతబస్తీ రెస్టారెంట్లు తెరిచే ఉంటాయి గానీ ఇలాంటి వీధి బిస్ట్రోలు చాలావరకు మూడు నుంచి ఐదు వారాలు తలుపులు మూసేస్తాయి, స్టాఫ్ అంతా ఒకేసారి సెలవు తీసుకుంటారు. జూన్ 19 నుంచి 25 మధ్య వచ్చే శుక్రవారం మిడ్‌సమ్మర్ ఈవ్, ఇక్కడి పెద్ద పండగ, ఆ రోజూ దాని పక్కరోజులూ ఊరే ఖాళీ. కాబట్టి మీకు మిగిలేవి మిడ్‌సమ్మర్‌కి ముందు కొద్దిరోజులు, లేదా ఆగస్టు రెండోవారం తర్వాత. నన్నడిగితే ఆగస్టే. వంటవాళ్లు సెలవుల నుంచి కొత్త ఉత్సాహంతో వచ్చి ఉంటారు, పుట్టగొడుగులు ఉంటాయి, రాత్రి ఎనిమిదింటికి కూడా వెలుతురు ఉంటుంది కాబట్టి బయట టేబుల్ దొరికితే అమ్మగారికి బాగుంటుంది, బయట దుప్పట్లు కూడా పెడతారు. వారంలో మంగళ, బుధవారాలు ఎంచుకోండి, ఆది సోమవారాలు చాలాచోట్ల సెలవు. ఇంకోటి, ఇక్కడ చాలామందికి జీతం 25వ తారీఖున పడుతుంది, దాని తర్వాత వచ్చే శుక్ర శనివారాలు ఏ చోటా ఊపిరాడదు, కిచెన్ కూడా ఒత్తిడిలో ఉంటుంది, స్పెషల్‌గా ఏమీ అడగలేరు. ఆ వారాంతం జోలికి పోవద్దు.

టైమ్ ఐదున్నర లేదా ఆరుకి తీసుకోండి. మన ఇంట్లో భోజనం ఎనిమిదిన్నరకైనా సరే ఇక్కడ ఆ టైమ్‌కి రెండో బ్యాచ్ మధ్యలో ఉంటుంది, తొమ్మిదిన్నర పదికల్లా కిచెన్ మూసేస్తారు. చాలాచోట్ల టేబుల్ రెండు గంటలకే ఇస్తారు, బుకింగ్‌లో రాసి ఉంటుంది చూసుకోండి, రాకుండా ఎగ్గొడితే కార్డ్ మీద ఫైన్ కూడా వేస్తారు, రాలేకపోతే ముందురోజే క్యాన్సిల్ చేయడం మర్యాద కూడా. ఐదున్నరకి వెళ్తే హాలు నిశ్శబ్దంగా ఉంటుంది, వెయిటర్‌కి మీతో మాట్లాడే తీరిక ఉంటుంది, అమ్మగారి ప్రశ్నలన్నిటికీ జవాబు దొరుకుతుంది.

ఏరియా విషయంలో మీ అంచనా కరెక్టే. కిస్టా నుంచి మెట్రో బ్లూ లైన్‌లో ఫ్రీద్‌హేమ్స్‌ప్లాన్ దిగి గ్రీన్ లైన్ మారితే పక్క స్టేషనే సాంక్ట్ ఎరిక్స్‌ప్లాన్, అక్కడ్నుంచి వాసాస్టాన్‌లోని రోర్‌స్ట్రాండ్స్‌గాతన్ వీధి నడిచేంత దూరం, ఆ వీధి పొడుగునా తినే చోట్లే. సిటీ దక్షిణాన సోడర్‌మల్మ్‌లో నీతోర్యెత్ చుట్టుపక్కల కూడా బాగుంటుంది. ఫలానా చోటికే వెళ్లండి అని పేరు చెప్పను, చిన్న బిస్ట్రో అంటే చెఫ్ మారితే మొత్తం మారిపోతుంది. ఎంచుకోవడం ఎలాగో చెప్తా: మెనూ ఒకే పేజీ ఉండాలి, సీజన్‌తో మారుతుండాలి, ఎనిమిది భాషల్లో ఫోటోలతో మెనూ గుమ్మంలో పెట్టి పిలిచే చోటు వద్దు, వెజ్ మెయిన్ ఒక్కటైనా రాసి ఉండాలి, అది కూడా ఏ రిసొట్టోనో (ఇటాలియన్ అన్నం వంటకం) కాకుండా కాస్త ఆలోచించి చేసిందై ఉండాలి. అన్నిటికన్నా ముందు మీరు రాసిన మెసేజ్‌కి వాళ్ల జవాబు చూడండి, “సరే, ఫలానాది చేస్తాం, చీజ్ పర్వాలేదా” అని ఎదురు ప్రశ్న వేసే చోటు దొరికితే ఇంక కళ్లు మూసుకుని వెళ్లిపోవచ్చు.

ఖర్చు సంగతి. స్టార్టర్ ఒక్కోటి 150 నుంచి 200 క్రోనర్లు, మెయిన్ 230 నుంచి 330, డెజర్ట్ 100 చుట్టుపక్కల, గ్లాసు వైన్ 130 నుంచి 160, బీర్ 90 అటూఇటూ. ముగ్గురికి రెండు స్టార్టర్లు పంచుకుని, మూడు మెయిన్‌లు, రెండు డెజర్ట్‌లు, ఒక బీర్, కాఫీలు అంటే 1500 నుంచి 1700 మధ్యలో తేలుతుంది, ఒక్కో క్రోనర్ తొమ్మిది రూపాయలు వేసుకున్నా పదమూడు పదిహేను వేలు. నాన్నగారు రూపాయల్లోకి మారుస్తారు, ప్రతి నాన్నా మారుస్తాడు, అందుకే బిల్లు ఆయన కంట పడకుండా వెళ్లగానే కౌంటర్ దగ్గర మీ కార్డ్ ఇస్తానని చెప్పి ఉంచండి. మెనూలో రాసిన ధరలోనే పన్ను అంతా కలిసి ఉంటుంది, పైన ఏమీ వేయరు. టిప్ తప్పనిసరి కాదు, ఇక్కడ స్టాఫ్ జీతాలు యూనియన్ ఒప్పందాల మీద నడుస్తాయి, బాగా చూసుకున్నారనిపిస్తే ఐదు నుంచి పది శాతం ఇస్తారు, మీ కుటుంబం కోసం కిచెన్ ప్రత్యేకంగా ఏదైనా చేసి పెడితే మాత్రం పది ఇవ్వండి, అది లోపలివాళ్లకి కూడా వెళ్తుంది చాలాచోట్ల. క్యాష్ తీసుకోని చోట్లే ఎక్కువ, కార్డ్ ఉంచుకోండి. నీళ్లకి బాటిల్ కొనక్కర్లేదు, కుళాయి నీళ్లు అడగండి, మేలారెన్ సరస్సు నీళ్లవి, చాలా బాగుంటాయి, మామూలుగా డబ్బులుండవు.

నాన్నగారు ఒక పెగ్ వేసుకుంటారంటే, ఇక్కడ మామూలు కొలత నాలుగు సెంటీలీటర్లు, మన లార్జ్ కంటే తక్కువ, ధర మాత్రం చాలా ఎక్కువ. బయట కొన్న బాటిల్ లోపల తీయడం చట్టం ఒప్పుకోదు, డ్యూటీ ఫ్రీలో తెచ్చింది ఇంట్లోనే. ఆల్కహాల్ లేని వైన్, బీర్, ఆపిల్ రసం లాంటివి ఇక్కడ మంచివే దొరుకుతాయి, అమ్మగారికి నీళ్లతో సరిపెట్టకుండా అవి కూడా అడగండి.

డెజర్ట్ దగ్గర గొడవే లేదు. క్రెమ్ బ్రూలే ఇద్దరికీ నప్పుతుంది, క్రీమ్, గుడ్డు, చక్కెర, పైన కాల్చిన పంచదార పొర. తార్త్ తతాఁ, అంటే తలకిందులుగా కాల్చిన ఆపిల్ పై, వెనిల్లా ఐస్‌క్రీమ్‌తో, అది కూడా. చాక్లెట్ మూస్‌లో పచ్చి గుడ్డు ఉంటుంది, క్రీమ్‌తో చేసే పన్నకోటాలో జెలటిన్ (జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసేది) ఉంటుంది, పన్నకోటా అమ్మగారికి వద్దు. కడుపు నిండిపోతే ఇక్కడ ఒక చక్కటి పద్ధతుంది, మెనూ అడుగున చాక్లెట్ ట్రఫుల్ అని ఒక్క ముక్క నలభై యాభై క్రోనర్లకి దొరుకుతుంది, కాఫీతో పాటు అది తెప్పించుకుంటే చాలు.

బట్టల గురించి అడిగారు కాబట్టి, ఏదైనా సరే, అమ్మగారు పట్టుచీర కట్టుకున్నా నాన్నగారు చెప్పులతో వచ్చినా ఎవరూ తలతిప్పి చూడరు, ఆగస్టు సాయంత్రం బయట కూర్చుంటే శాలువా ఒకటి ఉంచుకోండి. వెయిటర్‌ని చప్పట్లు కొట్టి, చెయ్యి ఊపి పిలవొద్దని నాన్నగారికి ముందే చెప్పండి, కళ్లు కలిస్తే చాలు వస్తారు. బిల్లు మీరు అడిగేదాకా తేరు, అది వాళ్లు పట్టించుకోకపోవడం కాదు, మిమ్మల్ని తొందరపెట్టకూడదని.

ఇంత చదివాక కూడా రాత్రి భోజనం పెద్ద వ్యవహారంలా అనిపిస్తే ముందు మధ్యాహ్నం వెళ్లి చూడండి. వీటిలో కొన్ని వారంరోజుల్లో లంచ్ పెడతాయి, పదకొండున్నర నుంచి ఒంటిగంటన్నర దాకా, ఆరోజు వంటకం ఒకటి, బ్రెడ్డు, సలాడ్, కాఫీ అన్నీ కలిపి మనిషికి 140, 170 క్రోనర్ల మధ్య. మీరొక్కరే ఆఫీస్ నుంచి ఒకరోజు వెళ్లి తినండి, తిన్నాక వెయిటర్‌తో మా అమ్మానాన్నల్ని ఆగస్టులో తీసుకొస్తాను, వాళ్లు ఇవి తినరు అని ఎదురుగా చెప్పండి. మెసేజ్ కంటే అది ఇంకా బాగా పనిచేస్తుంది, ఎందుకంటే అప్పుడు లోపల్నుంచి చెఫ్ వచ్చి మాట్లాడే అవకాశం ఉంది, ఆయనకి కూడా లంచ్ అయ్యాక కాస్త ఖాళీ. ఆగస్టు మధ్యలో బుధవారం కోసమైతే జూలై సెలవులకి మూసేలోపే బుక్ చేసేయండి, వాళ్లు తెరిచేదాకా ఆగితే ఆ మొదటి రెండు వారాల టేబుళ్లు అప్పటికే అయిపోయి ఉంటాయి.